అది నకిలీ కాదు, వేరే బృందం

‘యెతి’ అనే జర్మన్ రాక్ రికార్డు విని మురిసిపోయి, అమోన్ డ్యూల్ అనే అదే బృందం పేరుతో ఇంకో రికార్డు తెప్పిస్తే అంతా డోళ్ల మోతే ఉందని, అది నకిలీదేమో అని మీరు అడిగారు. నకిలీ కాదండీ. ఆ పేరుతో రెండు బృందాలుండేవి.

అమోన్ డ్యూల్ అంటే మొదట 1967లో మ్యూనిక్‌లో ఒకే ఇంట్లో కలిసి బతికిన యువతీయువకుల సమూహం. వాయించడం వచ్చినా రాకపోయినా అందరూ ఏదో ఒకటి మోగించేవారు. సంగీతం మీద గట్టి పట్టుదల ఉన్నవారు 1968లో విడిపోయి, పేరు చివర రోమన్ అంకె రెండు (II) చేర్చుకున్నారు. ‘యెతి’ (1970) వారిదే. అట్ట మీద కొడవలి పట్టిన మనిషి, లోపల క్రిస్ కారర్ వయొలిన్, రెనాటె క్నౌప్ గొంతు! ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరదు.

మొదటి బృందంలో మిగిలినవారి రికార్డులు ‘సైకెడెలిక్ అండర్‌గ్రౌండ్’, ‘కొలాప్సింగ్’, ‘డిజాస్టర్’ మూడూ ఒకే విడత వాయింపుల నుంచి తీసినవే. అందుకే అన్నీ ఒకేలా వినిపిస్తాయి. మీ దగ్గరున్నది వీటిలో ఒకటే అయి ఉంటుంది. వారి ‘పారడీస్‌వెర్ట్స్ డ్యూల్’ (1970) మాత్రం మెత్తగా, హాయిగా సాగుతుంది.

మీకు కావలసినవి ‘యెతి’ బృందానివే అయిన ‘ఫాలుస్ దేయి’ (1969), ‘టాన్జ్ డెర్ లెమింగె’ (1971). కొనేముందు అట్ట మీద ఆ అంకె చూసుకోండి. ముందుగా ‘టాన్జ్ డెర్ లెమింగె’ వినండి.