ఆయన తిరిగిన కొండలు, మీరు కట్టిచ్చిన సద్ది

ప్రశ్న: మాది కడప. హైస్కూల్లో సోషల్ సారుగా చేసిన మా ఆయన పోయి పది నెలలైంది. సెలవు దొరికితే కొండలు, కోటలు, అడవులు. హిమాలయాల దాకా తిరిగొచ్చారు. నన్ను మాత్రం పక్కనున్న గండికోటకైనా తీసుకుపోలేదు. సంవత్సరీకానికి శిష్యులు సభ పెట్టి నన్ను మాట్లాడమంటున్నారు. వాళ్లు పొగిడేకొద్దీ నాకు లోపల మండుతోంది. పోయిన మనిషి మీద కోపమేందని రాత్రిళ్లు ఏడుస్తున్నా.

జవాబు: అమ్మా, ఆ కోపానికి సిగ్గుపడొద్దు. ఉత్తరం చివర మీరు ఒక మాట రాశారు. ఆయన కలివికోడి అనే అరుదైన పిట్ట కోసం లంకమల అడవి అంచున కాపు కాసిన రాత్రి, జ్వరంతో కాలిపోతున్న పాపను భుజాన వేసుకుని మీరు ఒక్కరే ఆసుపత్రికి పరిగెత్తారు. ఆ సంగతి ఆయన్ను ఎన్నడూ నిలదీయలేదు. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు. మంట అక్కడిదేనని నాకు అనిపిస్తోంది.

అంతరించిపోయిందనుకున్న పిట్ట 1986లో మన జిల్లాలోనే మళ్లీ కనబడితే, ఆయనలాంటి మనిషికి కాలు నిలవదు. అది రాత్రే తిరుగుతుంది, రాత్రే వెతకాలి. ఆ ఆరాటం నిజం. ఆ రాత్రి మీరు పడిన భయమూ అంతే నిజం. ఆయనకే ఒక జాబు రాయండి, ఆ రాత్రితో మొదలుపెట్టి. మర్యాదగా రాయక్కర్లేదు.

సభలో మాట్లాడటం మీ ఇష్టం. మాట్లాడితే మాత్రం పొగడ్తలు మీకొద్దు. ఆయన తిరిగొచ్చాక మీరు అరుగు మీద కూర్చుని, చెప్పుల అడుగున దిగిన పల్లేరుకాయలను పిన్నీసుతో పెరుకుతుంటే, చూసొచ్చినవన్నీ మీకే ముందు చెప్పేవారని రాశారే, అది చెప్పండి. జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి కట్టిచ్చిన తెల్లవారుజాములూ చెప్పండి. కొండ మీది సారు శిష్యులకు తెలుసు. ఈ సారు మీకొక్కరికే తెలుసు.

నిద్ర, తిండి ఇంకా కుదుటపడకపోతే 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలీ మానస్ అది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఇందులో ఆలస్యం చేయొద్దు.

ఇంకొకటి. సభకు ముందే మీ అమ్మాయితో గండికోట పోయి రండి. జమ్మలమడుగు మీదుగా ఒక్క పూట ప్రయాణం. పెన్న ఎర్రమలను కోసుకుపోయిన లోయ చూడాలంటే బండలు ఎక్కాలి, మోకాళ్లు సహకరించకపోతే మాధవరాయస్వామి గుడి దగ్గరే కూర్చోండి. కోపమొస్తే అక్కడే ఆయన్ను గట్టిగా అడిగేయండి. సద్ది మాత్రం ఈసారి మీ అమ్మాయిని కట్టమనండి.