వర్చువల్ నెట్‌వర్క్‌ను ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే వీఎంలకు (వర్చువల్ మెషీన్లకు) నెట్ ఎందుకు రాదు?

నెట్‌వర్క్‌ను ఆపగానే వీఎంలను కలిపే పాత బ్రిడ్జి (సాఫ్ట్‌వేర్ స్విచ్ లాంటిది) పోతుంది, కొత్త బ్రిడ్జికి నడుస్తున్న వీఎంలు వాటంతట అవి తగులుకోవు కాబట్టి నెట్ రాదు. కేవీఎం (లినక్స్‌లో వీఎంలు నడిపే ఏర్పాటు) హోస్ట్‌లో, అంటే వీఎంలు నడిచే అసలు మెషీన్‌లో, ఈ నెట్‌వర్క్ వాడే ప్రతి వీఎంకీ వీనెట్0, వీనెట్1 లాంటి ట్యాప్ ఇంటర్‌ఫేస్ (వీఎం నెట్ కేబుల్‌కి హోస్ట్ వైపు కొస లాంటిది) ఉంటుంది. అది మామూలుగా విర్‌బీఆర్0 అనే బ్రిడ్జికి తగిలించి ఉంటుంది. విర్ష్‌లో (వీఎంలను, నెట్‌వర్క్‌లను నడిపే లిబ్‌విర్ట్ కమాండ్ టూల్) నెట్-డిస్ట్రాయ్ కమాండ్ ఆ బ్రిడ్జిని తీసేస్తుంది, నెట్-స్టార్ట్ అదే పేరుతో మరొకటి పెడుతుంది. పేరు ఒకటే, ట్యాప్‌లు మాత్రం గాల్లోనే.

బెంగళూరులో ఒక ఆఫీసు టెస్టింగ్ హోస్ట్‌లో 3 వీఎంలు ఉన్నాయనుకోండి. డీహెచ్‌సీపీ రేంజి (వీఎంలకు ఇచ్చే ఐపీ అడ్రస్‌ల పరిధి) మార్చి నెట్‌వర్క్‌ను ఇలా ఆపి స్టార్ట్ చేస్తే మూడింటికీ నెట్ పోతుంది. విర్ష్‌లో డొమ్‌ఐఎఫ్‌లిస్ట్ (మధ్యలో గీతలు లేకుండా), వీఎం పేరు కొట్టి ట్యాప్ పేర్లు చూసుకుని, హోస్ట్‌లో రూట్‌గా ‘ఐపీ లింక్ సెట్ వీనెట్0 మాస్టర్ విర్‌బీఆర్0’ అని ఒక్కోదానికీ ఇవ్వాలి. లేదంటే వీఎంను పూర్తిగా షట్‌డౌన్ చేసి స్టార్ట్ చేయాలి. లోపలి నుంచి రీబూట్ కొడితే లాభం లేదు: మామూలుగా హోస్ట్‌లో వీఎంను నడిపే క్యూఈఎంయూ ప్రాసెస్ మారదు, ట్యాపూ మారదు.

డిస్ట్రాయ్ అంటే సెట్టింగులు చెరిగిపోతాయని చాలామంది భయపడతారు (పేరు అలా పెట్టారు మరి). మామూలు నెట్‌వర్క్‌ను అది ఆపుతుంది, అంతే. సెట్టింగులు తీసేసేది నెట్-అన్‌డిఫైన్.