జ్వరం తగ్గినా సెప్సిస్ ఉండొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు, షుగర్ ఉంది. మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చాయి. మూడో రోజు జ్వరం తగ్గినా మత్తుగా పడుకునే ఉంటే నీరసమనుకున్నాం. రాత్రి ఆస్పత్రికి తీసుకెళ్తే సెప్సిస్ అన్నారు. ఐసీయూలో ఉండి కోలుకున్నారు. దీన్ని ముందే గుర్తించగలమా? కొన్ని గంటల ఆలస్యం వల్ల అంత తేడా వస్తుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు నీరసమనుకున్న ఆ మత్తే అసలు ప్రమాద సూచన. ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించడం వల్ల మెదడు, కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతినడమే సెప్సిస్. పారాసిటమాల్ వేస్తే జ్వరం తగ్గుతుంది గానీ ఇన్ఫెక్షన్ తగ్గదు. పైగా వృద్ధుల్లో ఒక్కోసారి జ్వరమే రాదు, ఒళ్లు చల్లబడుతుంది కూడా. అందుకే థర్మామీటర్‌ను మాత్రమే నమ్ముకోకుండా, మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నారా, మూత్రం బాగా తగ్గిందా అన్నది గమనించాలి. ఊపిరి వేగం తెలియడానికి, పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తోందో గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా 22 లేదా అంతకు మించితే, పై బీపీ 100 లేదా అంతకు తగ్గితే ఆగకూడదు. ఎప్పుడూ 150 ఉండేవారికి 105 కూడా తక్కువే. షుగర్ పడిపోయినా మత్తు వస్తుంది కాబట్టి గ్లూకోమీటర్‌తో చూడండి, కానీ దానికోసం 108కు ఫోన్ చేయడం ఆపకండి.

ఇక గంటల సంగతి. సెప్సిస్‌తో బీపీ పడిపోయిన రోగులపై 2006లో వెలువడిన అధ్యయనంలో, బీపీ పడిన మొదటి గంటలోనే సరైన యాంటీబయాటిక్ అందినవారిలో దాదాపు 80 శాతం మంది బతికారు. ఆ తర్వాత ఆరు గంటల వరకు ఆలస్యమైన ప్రతి గంటకూ బతికే అవకాశం సగటున 7.6 శాతం చొప్పున తగ్గింది. ఈ లెక్క షాక్‌లోకి, అంటే బీపీ ప్రమాదకరంగా పడిపోయిన స్థితిలోకి వెళ్లినవారిదే తప్ప ప్రతి జ్వరానికీ వర్తించదు. 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా షాక్ ఉంటే, లేదా సెప్సిస్ అయ్యే అవకాశం బలంగా ఉంటే గంటలోపు మందు ఇవ్వమంటూనే, షాక్ లేకుండా అనుమానం మాత్రమే ఉన్నప్పుడు త్వరగా పరీక్షించి, ఆ అనుమానం తీరకపోతే మూడు గంటలలోపు ఇవ్వమంటాయి. అది సమంజసమే.

క్యాజువాలిటీలో 'జ్వరమండీ' అని ఊరుకుంటే వరుసలో కూర్చోబెట్టవచ్చు. 'షుగర్ ఉంది, మూత్రంలో ఇన్ఫెక్షన్, పొద్దుటి నుంచి మత్తు, మధ్యాహ్నం నుంచి మూత్రం రాలేదు, సెప్సిస్ అయి ఉండొచ్చా?' అని అడగండి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేసి తీసుకెళ్లవద్దు; రక్తంలోని క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష అయిన బ్లడ్ కల్చర్‌లో క్రిమి దొరక్కపోవచ్చు.

కోలుకున్నాక కొన్ని వారాలు నీరసం, మతిమరుపు ఉండటం సాధారణమే. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష మళ్లీ చేయించండి, రాళ్లు గానీ ప్రోస్టేట్ వాపు గానీ ఉందేమో స్కాన్ చేయించండి. కల్చర్ రిపోర్టును డిశ్చార్జి కాగితాలతో కలిపి ఉంచండి. మళ్లీ ఇన్ఫెక్షన్ వస్తే మందు ఎంచుకోవడానికి డాక్టరుకు పనికొస్తుంది.