రీ: 'రైట్ యాజ్ రెయిన్' అంటే ఏంటి?

జ్వరం తగ్గిందా అంటే మీ లండన్ మేనేజర్ 'రైట్ యాజ్ రెయిన్' అన్నాడు, వానకీ దీనికీ ఏం సంబంధం అని అడిగారు కదా, ఏం లేదండి, పూర్తిగా కోలుకున్నా అని అర్థం అంతే. ఇంగ్లీష్‌లో ఇలాంటి 'యాజ్... యాజ్...' పోలికల్లో చాలావాటికి లాజిక్ కంటే సౌండే ముఖ్యం, రైట్-రెయిన్, 'ఫిట్ యాజ్ ఎ ఫిడిల్' (మంచి ఆరోగ్యంగా ఉన్నాడని) లో ఫిట్-ఫిడిల్, 'బిజీ యాజ్ ఎ బీ' (తేనెటీగలా తీరిక లేకుండా ఉన్నాడని) లో బిజీ-బీ, పలికి చూడండి మొదటి సౌండ్ కలుస్తుంది, అందుకే నోట్లో అలా నిలిచిపోయాయి. మనం దుక్కలా ఉన్నాడు అంటాం, దుక్క అంటే ఏంటో ఎప్పుడైనా ఆలోచించామా? 'బ్లైండ్ యాజ్ ఎ బ్యాట్' (గబ్బిలంలా గుడ్డి) కూడా అంతే, నిజానికి గబ్బిలాలకి కళ్లు కనిపిస్తాయి! ఇంకోటి, 'యాజ్ రైట్ యాజ్ రెయిన్' అనేదే ఫుల్ రూపం, మాట్లాడేటప్పుడు మొదటి యాజ్ ఎగరగొట్టేస్తారు, తప్పేం కాదు. ఆఫీస్ మెయిల్స్‌లో మాత్రం పెట్టకండి ప్లీజ్, బాగా అరిగిపోయిన మాటలివి, ఎవరైనా అంటే అర్థమైతే చాలు.