విమానం ముందు చక్రం బాగుచేయాలంటే ఏ కోర్సు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతున్నాడు. ముందు చక్రం అడ్డంగా తిరిగిపోయిన విమానం నిప్పులు చిమ్ముతూ దిగే వీడియో చూసిన దగ్గర్నుంచీ ‘నేను అది రిపేరు చేసేవాణ్ణి అవుతా’ అంటున్నాడు. వాళ్ల నాన్నగారు బీటెక్ ఏరోనాటికల్‌లో చేర్పిద్దామంటున్నారు. ఒక ఏజెంటేమో ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరు) కోర్సులో చేరితే ఉద్యోగం గ్యారంటీ అంటున్నాడు. ఎవరి మాట వినాలి? – ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, ముందు ఆ ఏజెంటు మాట పక్కన పెట్టండి. ఈ రంగంలో ఉద్యోగానికి గ్యారంటీ ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. కోర్సుల కన్నా ముందు మీ అబ్బాయి చూసిన వీడియో గురించి చెప్తాను. ఈ పని ఎలాంటిదో అందులోనే తెలుస్తుంది.

అది బహుశా 2005 సెప్టెంబర్ 21న లాస్ ఏంజెలెస్‌లో దిగిన జెట్‌బ్లూ 292 విమానం అయ్యుంటుంది. ఎయిర్‌బస్ ఏ320. బర్బాంక్‌లో పైకి లేచాక ముందు చక్రాలు 90 డిగ్రీలు పక్కకి తిరిగి ఉన్నాయని తెలిసింది. ఆ రకం విమానంలో ఇంధనం బయటికి వదిలేసే ఏర్పాటు లేదు కాబట్టి గంటల తరబడి గాల్లో తిరిగి బరువు తగ్గించుకుని దిగారు. టైర్లు పేలాయి, రిమ్ములు రన్‌వేకి రాసుకుని అరిగిపోయాయి. లోపలున్న 146 మందిలో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. జనం పైలట్‌ని మెచ్చుకున్నారు, మెచ్చుకోవాల్సిందే.

కానీ మీ అబ్బాయి పట్టించుకోవాల్సింది ఆ తర్వాత జరిగిన విచారణ. ఆ విమానంలో గేరు, అంటే చక్రాలుండే కాలు, కిందికి దించిన ప్రతిసారీ స్టీరింగ్ కంప్యూటర్ చక్రాలను కొంచెం అటూ ఇటూ కదిలించి పరీక్ష చేసుకుంటుంది. వేలసార్లు అలా కదిలి కదిలి, గేరు లోపలి భాగం తిరిగిపోకుండా పట్టి ఉంచే లగ్స్ అనే లోహపు ముక్కల్లో రెండు ఫెటీగ్‌తో, అంటే పదే పదే ఒత్తిడి పడి లోహం అలిసిపోయి, విరిగిపోయాయి. ఆ పైన కంప్యూటర్ లాజిక్కే చక్రాలను మళ్లీ తిన్నగా రానివ్వలేదు. అంటే జాగ్రత్త కోసం పెట్టిన పరీక్షే ఆ భాగాన్ని విరిచేసింది! విరిగినవి గేరు లోపల ఉండే ముక్కలు. టార్చి పట్టుకుని చుట్టూ తిరిగితే కనపడేవి కావు. అలాంటి చోట ఏం వెతకాలో, ఎన్నాళ్లకోసారి వెతకాలో తయారీదారు బులెటిన్లు, ప్రభుత్వ సంస్థల ఆదేశాలు చెప్తాయి. అందుకే ఈ పనిలో పానా పట్టడం ఎంతో, ఇంగ్లిష్‌లో ఉన్న మాన్యువల్ ఒక్క మాట వదలకుండా చదవడం కూడా అంతే. మార్కుల కన్నా నేను ముందు అడిగేది ఇదే: అబ్బాయికి చదివే ఓపిక ఉందా?

ఇక వాళ్ల నాన్నగారి మాట. బీటెక్ ఏరోనాటికల్ మంచి చదువే, కానీ అది వేరే దారి. ఆ లగ్ ఎంత మందం ఉండాలి, కంప్యూటర్ ఎప్పుడు పరీక్ష చేయాలి అని తేల్చేవాళ్లు అటువైపు నుంచి వస్తారు. విమానం కింద దూరి పనిచేసి ‘ఇది ఎగరడానికి సిద్ధం’ అని సంతకం పెట్టే హక్కు మాత్రం బీటెక్ పట్టాతో రాదు. దానికి మన దేశంలో విమానయాన భద్రత చూసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఇచ్చే ఏఎంఈ లైసెన్సు కావాలి.

ఆ లైసెన్సులో కేటగిరీలుంటాయి. మీ అబ్బాయి అడుగుతున్న పనికి బీ1.1 కేటగిరీ సరిపోతుంది. గేరు, హైడ్రాలిక్స్ (ఆయిల్ ఒత్తిడితో భాగాల్ని కదిలించే ఏర్పాటు), ఇంజన్ అన్నీ అందులోకి వస్తాయి. బీ2 ఏవియానిక్స్‌ది, అంటే విమానంలోని ఎలక్ట్రానిక్ పరికరాలది. ఏ320 లాంటి వాటిలో స్టీరింగ్‌కి ఆజ్ఞ కంప్యూటర్‌ది, బలం హైడ్రాలిక్స్‌ది కాబట్టి ఒక్కోసారి ఇద్దరూ ఒకే చక్రం దగ్గర తల పట్టుకుని కూర్చుంటారు. మాడ్యూళ్లవారీగా (అంటే పాఠ్యభాగాలవారీగా) పరీక్షలుంటాయి, ఒక్కో దాంట్లో 75 శాతం రావాలి. లాండింగ్ గేరు, స్టీరింగ్ 11వ మాడ్యూల్లో వస్తాయి. పరీక్షలతోనే అయిపోదు, నిజమైన విమానాల మీద పనిచేసిన అనుభవం చూపించాలి. ఆ తర్వాత ఫలానా విమానం మీద సంతకం పెట్టాలంటే దాని టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానానికి ప్రత్యేకమైన అర్హత, వేరే తెచ్చుకోవాలి. దానికయ్యే లక్షలు కంపెనీ పెడుతుందా, మనమా అన్నది చేరకముందే అడగండి. మొదటి కొన్నేళ్లు జీతం తక్కువ, నైట్ షిఫ్టులు ఎక్కువ. ఇంట్లో లెక్క వేసుకునేటప్పుడు ఇది మర్చిపోకండి.

కాలేజీ విషయంలో ఒక్క పని చేయండి. సీఏఆర్-147 (ఏఎంఈ శిక్షణ సంస్థలకు డీజీసీఏ పెట్టిన నిబంధన) కింద ఆమోదం ఉన్న సంస్థల జాబితా డీజీసీఏ వెబ్‌సైట్లో ఉంటుంది. ఆ పేరు అక్కడ ఉందా, బీ1.1కే ఆమోదం ఉందా చూడండి. ఆమోదం కేటగిరీ వారీగా ఇస్తారు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు ఫీజంతా కట్టాక ఈ తేడా తెలుసుకున్నాడు, అప్పటికి రెండేళ్లు పోయాయి. ప్రాక్టికల్స్ ఏ హ్యాంగర్‌లో (విమానాలు నిలిపి బాగుచేసే షెడ్డులో) చేయిస్తారో కూడా అడగండి. మన దగ్గర శంషాబాద్‌లో జీఎంఆర్ ఏరో టెక్నిక్ లాంటి పెద్ద మెయింటెనెన్స్ కేంద్రం ఉంది.

రోజూ చేసే పని వీడియోలోలా ఉండదు. ముక్కు భాగాన్ని జాకీ మీద లేపి, చక్రాలు పట్టుకుని ఊపి టార్క్ లింకుల్లో (గేరు పై, కింది భాగాల్ని కలిపే కత్తెరలాంటి కడ్డీల్లో) ఎంత వదులు ఉందో కొలవడం, గ్రీజు పెట్టడం, స్ట్రట్ (కుదుపు తట్టుకునే గేరు కాలు) తుడిచి ఎక్కడైనా ఆయిల్ కారుతోందా చూడడం. విమానాన్ని ట్రాక్టరుతో లాగేటప్పుడు స్టీరింగ్‌కి హైడ్రాలిక్స్ బలం అందకుండా ఆపకపోతే టో బార్ (విమానాన్ని ట్రాక్టరుకి కలిపే కడ్డీ) విసురుగా తిరిగి పక్కనున్న మనిషి కాళ్లు విరుగుతాయి. చక్రం ఎంతవరకు తిరగొచ్చో చూపే గేరు మీది ఎర్ర గీత దాటి చక్రాన్ని తిప్పేశారనుకోండి, ట్రాక్టరు డ్రైవరు ‘ఏం కాలేదు సార్’ అన్నా సరే, మాన్యువల్ ప్రకారం తనిఖీ చేయాల్సిందే. అవతల ఫ్లైట్‌కి టైమవుతోందని ఫోన్లు మోగుతుంటాయి. ఆ టెన్షన్లో కూడా ‘ఇంకా సంతకం పెట్టను’ అనగలగాలి. మొహమాటపడే పిల్లలకి ఇది కష్టం.

జెట్‌బ్లూ 292 మీద అమెరికా విచారణ సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఇచ్చిన నివేదిక ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని మీ అబ్బాయి చేతికివ్వండి. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదవమనండి. చదివాక ‘మరి ఆ లగ్స్ విరుగుతున్నట్టు ముందే ఎందుకు కనిపెట్టలేదు?’ అని మిమ్మల్ని అడిగితే, అప్పుడు ఫీజుల సంగతి మాట్లాడుకోండి.