పాప్-ఏ తక్కువగా ఉంటే ప్రీఎక్లాంప్సియా తప్పదా?

పన్నెండో వారంలో చేయించిన డబుల్ మార్కర్ రక్తపరీక్షలో పాప్-ఏ 0.38 ఎంఓఎం అని వచ్చింది కాబట్టి ప్రీఎక్లాంప్సియా (గర్భిణికి 20 వారాల తర్వాత బీపీ పెరిగి, చాలాసార్లు మూత్రంలో ప్రోటీన్ కూడా పోయే జబ్బు) తప్పదా అని అడిగారు. తప్పదని కాదు. నా రెండో గర్భంలో నాకూ ఇంచుమించు ఇదే అంకె వచ్చింది. అప్పుడు డాక్టరు గారు వివరించినదీ, తర్వాత జరిగినదీ రాస్తున్నాను.

అన్నే వారాల గర్భంతో ఉన్నవారి మధ్యస్థ విలువను 1గా తీసుకుంటే, అందులో మీది ఎంతన్నదే ఎంఓఎం. పాప్-ఏ ప్రధానంగా మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చే ప్రోటీన్. అది తగ్గితే మాయ సరిగా కుదురుకోలేదేమోనన్న అనుమానానికి తావుంటుంది గానీ, తగ్గినవారిలో అత్యధికులకు ఈ జబ్బు రాదు. ఆ ఒక్క అంకెను పట్టుకుని ఏదీ తేల్చలేరు. తల్లి వయసు, బరువు, పాత కాన్పుల వివరాలు, రెండు చేతులకూ కొలిచిన రక్తపోటు, గర్భాశయ ధమనుల్లో రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కాన్, రక్తంలోని పీఎల్‌జీఎఫ్ (మాయ నుంచి వచ్చే మరో ప్రోటీన్) అన్నీ కలిపి 14 వారాలు నిండేలోపు లెక్క కడితే, 37 వారాలకు ముందే వచ్చే ప్రీఎక్లాంప్సియాను సుమారు నలుగురిలో ముగ్గురి విషయంలో ముందుగా పసిగట్టవచ్చు. జబ్బు రానివారిలోనూ పదిమందిలో ఒకరికి ప్రమాదం ఉందనే చూపిస్తుంది, అది వేరే సంగతి.

మీకు ఇంకా ఆ గడువు ఉంది కనుక ఈ పరీక్ష గురించి వెంటనే అడగండి. ఇలా ప్రమాదం ఎక్కువని తేలినవారికి రోజూ రాత్రి 150 మి.గ్రా. ఆస్పిరిన్ ఇచ్చి చూసిన ఆస్ప్రే అధ్యయనంలో (2017), 37 వారాలలోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. 16 వారాలలోపు మొదలుపెడితేనే మేలు ఎక్కువ. నాకూ 36 వారాల దాకా ఇచ్చారు. డాక్టరు చెప్పకుండా మాత్రం వేసుకోవద్దు.

గర్భం ముదిరాక చేసే పరీక్ష వేరు. మాయ నుంచి ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే ప్రోటీన్ అతిగా విడుదలై, రక్తనాళాలకు అవసరమైన పీఎల్‌జీఎఫ్‌ను బంధించేస్తుందని వైద్య పరిశోధకుడు అనంత్ కరుమంచి బృందం 2003లో చూపింది. ఈ రెండింటి నిష్పత్తి 38 లేదా అంతకు తక్కువ ఉంటే, రాబోయే వారంలో ప్రీఎక్లాంప్సియా రాదని దాదాపు 99 శాతం నమ్మకంగా చెప్పవచ్చు. దాటితే మాత్రం అంత గట్టిగా చెప్పలేరు: నాలుగు వారాలలోపు నిజంగా జబ్బు కనిపించేది మూడో వంతు కంటే కాస్త ఎక్కువ మందిలోనే. కాబట్టి ఈ పరీక్షకు ‘ఇప్పట్లో లేదు’ అని చెప్పడమే బాగా వచ్చు.

ఏడో నెల దాటాక బీపీ 140/90కి చేరి, నాకు ఈ నిష్పత్తి చూసినప్పుడు 38 కంటే బాగా తక్కువే వచ్చింది. ఆసుపత్రిలో చేర్చుకోకుండా ఇంటికి పంపి, బీపీ రోజూ రాసుకోమన్నారు. మళ్లీ చేసినప్పుడు 38 దాటింది. 36 వారాలు నిండాక మూత్రంలో ముంచిన పట్టీ పసుపు నుంచి ఆకుపచ్చకు తిరిగింది, అంటే ప్రోటీన్ పోతోందన్నమాట; బీపీ కూడా పెరిగింది. 37వ వారంలో నొప్పులు తెప్పించి కాన్పు చేశారు, బిడ్డ క్షేమం.

రిపోర్టులో ఏమున్నా సరే, 20 వారాల తర్వాత తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, కుడి పక్కటెముకల కింద నొప్పి, ముఖం హఠాత్తుగా ఉబ్బడం వంటివి కనిపిస్తే ఏ పరీక్ష ఫలితం కోసమూ ఆగకుండా, రాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి. కాన్పయ్యాక మొదటి కొన్ని వారాలూ ఇదే వర్తిస్తుంది.