పెళ్లి స్టేజీ కుంగి చెయ్యి విరిగితే స్నేహితుల మీద కేసు వెయ్యాలా?

వెయ్యొద్దండి, కనీసం ఇప్పుడే వెయ్యొద్దు. కానీ డబ్బు అడగడం మాత్రం మానొద్దు. ఈ రెండూ వేరు వేరు సంగతులు, మీరు రాసిన దాంట్లో కలిసిపోయి ఉన్నాయి.

మీరు చెప్పింది ఇదీ: పాలకొల్లు దగ్గర స్నేహితుల పెళ్లి, గ్రూప్ ఫోటోకి ఎక్కగానే స్టేజీ ఒక పక్కకి కుంగి మీ కుడి చెయ్యి విరిగింది, ఆపరేషన్ అయింది, జీతం పోయింది. పెళ్లివాళ్లు ఒకసారి పళ్లు పట్టుకొచ్చి చూసి వెళ్లారు, ఆ తర్వాత ఖర్చు మాట ఎవరూ ఎత్తలేదు. అమెరికాలో ఉన్న మీ బావగారు వాళ్ల మీదే దావా వెయ్యమంటున్నారు.

నాకూ దాదాపు ఇదే జరిగింది. మాది రాజోలు వైపు, నేను మగ్గం వర్క్ చేస్తాను, అంటే కుడి చెయ్యే నా కూడు. నా స్నేహితురాలి పెళ్లి వాళ్ల కొబ్బరి తోటలోనే చేశారు. అంతకు ముందే వాన పడింది, పైగా కాలవ పక్క నేల, కొత్తగా మట్టి పోసి చదును చేసిన చోటు. టెంట్ హౌస్ వాళ్లు ఇనప స్టాండ్లని కింద చెక్క పలకలు వెయ్యకుండా నేరుగా ఆ మట్టి మీద పెట్టేశారు. మన డెల్టా నేలలు తడిస్తే ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు, పది పదిహేను మంది ఒక పక్కే నిలబడేసరికి రెండు స్టాండ్లు దిగిపోయాయి. మణికట్టు విరిగి ప్లేటు వేశారు. పెళ్లిళ్ల సీజను మొత్తం పోయింది, తీసుకున్న అడ్వాన్సులు వెనక్కి ఇచ్చేశాను.

మా ఇంట్లో కూడా కేసు అన్నవాళ్లు ఉన్నారు, అయినవాళ్ల పెళ్లిలో జరిగింది ఊరుకో అన్నవాళ్లూ ఉన్నారు. ఊరుకోమన్న వాళ్ల మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది, ఎందుకంటే ఊరుకుంటే ఆ మాట లోపల ఉడుకుతూనే ఉంటుంది, వాళ్లింటికి బారసాలకి కూడా మనసారా వెళ్లలేం. అందుకని నేనే ఫోన్ చేసి, ఇదిగో బిల్లులు, ఇంత అయింది, ఇందులో మీరు ఎంత భరించగలరు అని సూటిగా అడిగాను. తను ఏడ్చింది. అడిగితే నొచ్చుకుంటానేమో అని వాళ్లు, అడిగితే బాగుండదేమో అని నేను, ఇద్దరం నోరు మూసుకుని కూర్చున్నామన్నమాట. వాళ్ల నాన్నగారు మర్నాడే వచ్చి ఆసుపత్రి ఖర్చులో కొంత ఇచ్చారు. మిగతాది టెంట్ హౌస్ అతను ఇవ్వాలి కదమ్మా అన్నారు, అది నిజమే.

అసలు చట్టం కూడా మొదట అడిగేది అదే, తప్పు ఎవరిది అని. పనిని కాంట్రాక్టుకి తీసుకున్నవాడు అజాగ్రత్తగా చేస్తే, పని అప్పగించినవాడు మామూలుగా దానికి బాధ్యుడు కాడు. స్టేజీ ఊగుతోందని ఎవరో ముందే చెప్పినా మీ స్నేహితుడు పట్టించుకోకుండా జనాన్ని ఎక్కించి ఉంటే అది వేరే మాట. మీ బావగారి సలహా అమెరికాకి సరిపోవచ్చు. అమెరికాలో చాలా ఇళ్లకి బీమా ఉంటుంది, అందులో వచ్చిన చుట్టాలకి దెబ్బ తగిలితే చెల్లించే భాగం కూడా ఉంటుంది, కాబట్టి స్నేహితుడి మీద దావా అన్నా చివరికి కట్టేది చాలాసార్లు బీమా కంపెనీయే. ఇక్కడ పెళ్లి బీమా అమ్ముతున్నారు గానీ తీసుకునేవాళ్లని నేనింతవరకు చూడలేదు. ఒకసారి అడిగి చూడండి, ఉంటే గొడవే లేదు. లేకపోతే మీకు వచ్చే ప్రతి రూపాయీ పెళ్లికి అప్పు చేసిన ఆ తండ్రి జేబులోంచే రావాలి.

మరి టెంట్ హౌస్ అతని సంగతి. మా దగ్గర పెద్దల్లో పెడితే, నేల మెత్తగా ఉంటే నేనేం చేస్తాను అన్నాడు. అప్పుడు పనికొచ్చింది పెళ్లి వీడియో, స్టాండ్ల కింద ఏమీ లేకపోవడం అందులో స్పష్టంగా కనిపిస్తోంది. మీరు ఈ వారమే ఫోటోగ్రాఫర్ దగ్గర పూర్తి వీడియో కాపీ తీసుకోండి, ఆల్బమ్ ఇచ్చేశాక చాలామంది చెరిపేస్తారు. మేము లాయరు చేత నోటీసు పంపాం, అతనికి మాత్రమే, స్నేహితురాలి భర్త సాక్షిగా సంతకం పెట్టాడు. తర్వాత అమలాపురంలో లోక్ అదాలత్‌కి కేసు వెయ్యకముందే దరఖాస్తు పెట్టుకున్నాం. దానికి ఫీజు లేదు, ఇద్దరూ ఒప్పుకుంటే అక్కడ ఇచ్చే అవార్డు, అంటే రాజీ తీర్పు, కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. అతను వాయిదాల్లో కట్టాడు. నేను పోగొట్టుకున్న దానికి అది సరిపోలేదు, కానీ వచ్చింది.

అతను ఒప్పుకోకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం డబ్బు కట్టినవాళ్లే కాదు, వాళ్ల అనుమతితో ఆ సేవ వాడుకున్నవాళ్లు కూడా వినియోగదారులే, కాబట్టి అతిథిగా మీరూ అడగొచ్చు. ఆ సేవకి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు 2 ఏళ్లు. మామూలు సివిల్ దావాకి 3 ఏళ్లు, దానికి అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. టైము ఉంది, టెన్షన్ పడి రేపే ఏదో చేసెయ్యక్కర్లేదు.

పోలీసు స్టేషన్‌కి మాత్రం బాగా ఆలోచించి వెళ్లండి. ఎముక విరిగితే చట్టం దాన్ని తీవ్ర గాయం అంటుంది, అజాగ్రత్త వల్లయితే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 125వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఒకసారి ఎఫ్ఐఆర్ అయ్యాక అది మీ చేతిలో ఉండదు, పెళ్లి చేసినాయన పేరు కూడా అందులోకి రావచ్చు.

మీ స్నేహితులు డబ్బు ఇవ్వలేకపోతే నేను వాళ్లని తప్పుపట్టను. టెంట్ హౌస్ అతని వివరాలు దాచినా, సాక్ష్యం చెప్పమంటే తప్పించుకున్నా అప్పుడు వాళ్లకీ నోటీసు పంపండి, అందులో మొహమాటపడేది ఏమీ లేదు. లాయరు ఖర్చు భయమైతే 15100కి ఫోన్ చెయ్యండి, న్యాయ సేవల సంస్థ నంబరు అది, మహిళలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు.

ఇంకొకటి, డిశ్చార్జి కాగితంలో దెబ్బ ఎలా తగిలిందని రాశారో ఇప్పుడే చూడండి. పోలీసుల గొడవ ఎందుకని మనవాళ్లు బాత్రూంలో జారిపడ్డారని చెప్పేస్తుంటారు. అలా రాసి ఉంటే ఆ డాక్టరుగారిని కలిసి జరిగింది చెప్పి, రికార్డు సరిచెయ్యమని రాతపూర్వకంగా అడగండి. నాటు కట్టు ఒక్కటే కట్టించుకుని వదిలేసి ఉంటే ఎక్స్‌రే కూడా ఉండేది కాదు, మీకు ఆపరేషన్ కాగితాలు ఉన్నాయి, అవి జాగ్రత్త.